కాలువ మీద తేలే ఇల్లు

గోదావరి డెల్టాలో పుట్టిన పిల్లలకు లాకులను గురించి ఎవరూ చెప్పనక్కర లేదు. ధవళేశ్వరం దగ్గరా, విజ్జేశ్వరం దగ్గరా కాలువలు మొదలయ్యే చోటనే అవి వున్నవి. 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్టతోపాటు సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన కాలువలు పొలాలకు నీరివ్వటానికే గాక పడవలు నడవటానికి కూడా పనికి వచ్చేవి. మిగతా ప్రాంతాల పిల్లల కోసం ఒక్క మాట చెబుతాను. కాలువ పల్లానికి దిగే చోట రెండు జతల తలుపుల మధ్య ఒక తొట్టె కడతారు. పడవ తొట్టెలోకి వచ్చాక వెనక తలుపులు మూసి, ముందు తలుపుల తూములు ఎత్తితే నీరు మెల్లగా పోయి, నీటితోపాటు పడవ కూడా దిగుతుంది. అప్పుడు ముందు తలుపులు తెరుచుకుని బయటికి పోతారు. అదే లాకు. మా చిన్నతనంలో ధాన్యపు బస్తాలూ, ఇటుకలూ వేసుకున్న పడవలు ఇలా దిగుతుంటే, బడి ఎగ్గొట్టి చూసిన వాళ్లున్నారు. (నేను కాదు సుమా!) ఇప్పుడు ఆ సరుకంతా లారీలెక్కింది.

ఇంగ్లండులో ఈ కథ నూరేళ్లు ముందే జరిగింది. అక్కడ రెడింగ్ పట్నం నుంచి బ్రిస్టల్ రేవు దాకా 87 మైళ్ల జలమార్గం ఒకటి వున్నది. దాని పేరు కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ. రెండు కొసలా రెండు నదులు, నడుమ తవ్విన కాలువ. జాన్ రెనీ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో 1810లో అది పూర్తి అయింది. బొగ్గూ, రాయీ, ధాన్యమూ చాలా కాలం దాని మీదనే నడిచినవి. 1841లో లండను నుంచి బ్రిస్టల్‌కు రైలు వచ్చింది. 1852లో ఆ రైలు కంపెనీయే కాలువను కొనేసింది. పోటీదారుణ్ణి కొన్నవాడు వాడికి పాలు పోసి పెంచుతాడా? కాలువ క్రమంగా పూడిపోయింది, లాకు తలుపులు కుళ్లిపోయినవి. తరవాత ఎంతోమంది సామాన్యులు సెలవు రోజుల్లో పారలు పట్టి దాన్ని మళ్లీ బాగుచేసుకున్నారు. 1990 ఆగస్టులో ఎలిజబెత్ రాణి వచ్చి తిరిగి తెరిచింది. ఇప్పుడు దాని మీద ఎక్కువగా కనిపించేవి ఇళ్లు. అవును, ఇళ్లే! మనుషులు పడవల్లో కాపరముంటారు.

2022 అక్టోబరులో అటువంటి పడవలో నేను కొద్ది రోజులున్నాను. అది మా మేనల్లుడిది. అతను బ్రిస్టల్‌లో ఉద్యోగం చేస్తాడు. పిల్లకు బడి సెలవులు రాగానే భార్యనూ, పదేళ్ల కూతుర్నీ, చుట్టపుచూపుగా వెళ్లిన నన్నూ ఎక్కించుకుని, డివైజెస్ అనే వూరి దగ్గరి రేవు నుంచి బ్రిస్టల్‌కు బయలుదేరాడు.

పడవ పొడవు 57 అడుగులు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు! పొడుగాటి మనిషి అడ్డంగా పడుకుంటే తలా కాళ్లూ రెండు గోడలకూ తగులుతాయి. అంత ఇరుకు ఎందుకంటే, ఆ దేశపు నడిమి జిల్లాల్లో పాతకాలపు లాకులు 7 అడుగుల వెడల్పే వున్నవి. అన్ని కాలువలూ తిరగాలనుకునే పడవ వాటిలో ఇమడాలి. లోపల చూస్తే రైలుపెట్టెను ఇల్లుగా మార్చినట్టుంటుంది. ముందు కుంపటి లాంటి ఇనప పొయ్యి, తరవాత వంటిల్లు, స్నానాల గది, పడకలు, చివర అమరంలో, అంటే వెనక కొసన, పలకల కింద డీజిలు ఇంజను. దీపాలున్నవి, ఫ్రిజ్ వున్నది, కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. మరి నడికాలువలో వీటన్నిటికీ కరెంటు ఎక్కడిది?

నేనడగగానే మనుమరాలు నన్ను అమరంలోకి తీసుకుపోయి పలక ఎత్తింది.

"చూడు తాతయ్యా, ఇటు పక్కన ఒక్కటి ఇంజను బాటరీ. అటు పక్కన నాలుగూ ఇంటి బాటరీలు. ఇంటివి ఇంజనుకు లేవు, ఇంజనుది ఇంటికి లేదు," అన్నది.

ఈ ఏర్పాటు నాకు వెంటనే అర్థమయింది. మన రైతు ఇంట్లో ధాన్యం రెండు చోట్ల వుంటుంది. తిండిగింజలు గాదెలో, విత్తనపు గింజలు వేరే బుట్టలో. ఎంత కరువొచ్చినా విత్తనం మీద చెయ్యి వేయరు. గాదె ఖాళీ అయితే నాలుగు రోజులు గంజి తాగుతారు. విత్తనం తినేస్తే మరుసటి పంటే లేదు. ఇంజను బాటరీ విత్తనపు బుట్ట. దానితో ఇంజను తిరిగితే చాలు, ఇంజనుకు పట్టా వేసి తిప్పే ఆల్టర్నేటరు కొత్త కరెంటు పుట్టించి బుట్టనూ, గాదెనూ రెండింటినీ నింపుతుంది. అయస్కాంతం దగ్గర తీగచుట్ట కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టాడని మీరు పాఠాల్లో చదివే వుంటారు. ఆల్టర్నేటరులో అయస్కాంతమే తిరుగుతుంది, తీగచుట్ట కదలకుండా వుంటుంది. ఎటు తిరిగినా ఫలితం ఒకటే.

ఈ రెండు రకాల బాటరీలు చూడటానికి ఒకే తీరుగా వున్నా స్వభావాలు వేరు. రెండింటిలోనూ సీసపు పలకలు గంధకికామ్లంలో మునిగి వుంటాయి. 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చేసిన బాటరీకి ఇవి మనుమలూ, ముని మనుమలూ. ఒక్కొక్క గది 2 వోల్టులు. ఆరు గదులు కలిపితే 12. ఇంజను బాటరీలో పలకలు పలచనివి, చాలా వుంటాయి. అందుచేత అది ఒక్కసారిగా పెద్ద ప్రవాహం ఇస్తుంది. ఇంటి బాటరీల్లో పలకలు దళసరివి. నిదానంగా, చాలాసేపు ఇస్తాయి. ఒకటి గుండ్రాయి ఎత్తే వస్తాదు, రెండోది రోజంతా మోట తోలే ఎద్దు. ఇక్కడ ఒక తమాషా లెక్క చూడండి. ఇంజనును తిప్పటానికి 300 ఆంపియర్లు మూడు సెకన్లపాటు కావాలనుకోండి. 300ను 3తో గుణించి, గంటకున్న 3,600 సెకన్లతో భాగిస్తే వచ్చేది పావు ఆంపియరు-గంట! ఒక చిన్న ఫ్రిజ్ నాలుగైదు నిమిషాల్లో తాగే కరెంటు అంతే. అయినా ఆ కొద్దినీ ఒక్క గుక్కలో ఇవ్వటం అలిసిపోయిన బాటరీకి చేతకాదు. అందుకే వేరుగా వుంచటం.

"మరి ఇద్దర్నీ ఒకే ఆల్టర్నేటరు నింపుతుంటే, రాత్రిపూట గాదెలోని కొరత విత్తనపు బుట్టను లాగేయదా?" అని అడిగాను.

మనుమరాలు తండ్రి వంక చూసింది. మా మేనల్లుడు అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా చూపించి, "దీని పని అదే, మామయ్యా. రిలే అంటారు," అన్నాడు.

ఎగువ పొలానికీ, దిగువ పొలానికీ మధ్య తూము లాంటిదన్నమాట. కాలువలో నీరు వస్తున్నంతసేపూ తూము తెరిచి వుంటే రెండు పొలాలూ తడుస్తాయి. నీరు ఆగిపోయిన తరవాత కూడా తూము తెరిచే వుంచితే ఎగువ పొలం నీళ్లు రాత్రికి రాత్రి దిగువకు పోతాయి. ఆ పడవలో రిలే, వోల్టేజి 13.3కు చేరగానే, అంటే ఇంజను తిరిగి కరెంటు వస్తున్నదని తెలియగానే, రెండింటినీ కలుపుతుంది. 12.8కి దిగగానే విడదీస్తుంది. నిద్రపోని నీరుకట్టువాడు!

మేము బయలుదేరేముందు పడవకు ఒడ్డునుంచి ఒక తీగ తగిలించి వున్నది. రేవులో వున్నప్పుడు బాటరీలను ఒడ్డు కరెంటుతో నింపుకుంటారు. ఈ తీగలో ఒక చిత్రమైన చిక్కు వున్నది. రెండు వేరు వేరు లోహాలను తడిలో వుంచి తీగతో కలిపితే కరెంటు పుడుతుందని 1800లో వోల్టా లోకానికి చూపించాడు. రేవులో పది ఇనప పడవలు ఒకే నీటిలో వున్నవి. ఒడ్డు తీగలోని భూమి తీగ వాటి నన్నిటినీ కలుపుతున్నది. ఇంకేం కావాలి? రేవంతా కలిసి ఒక పెద్ద బాటరీ అయి కూచుంటుంది! దాని ఫలితంగా ఎవరో ఒకరి పడవ అడుగు మెల్లగా అరిగిపోతుంది. దీనికి విరుగుడుగా పడవ అడుగున మెగ్నీషియం ముద్దలు బిగిస్తారు. ముందు అవి అరిగి ఇనుమును కాపాడుతాయి. భూమి తీగలో చిన్న కరెంటును పోనివ్వని సాధనం కూడా ఒకటి పెడతారు. మా మేనల్లుడు ఒడ్డు తీగ ఊడదీసి చుట్ట చుట్టి పెట్టాడు. ఇక మా కరెంటు మాదే.

మొదటి రోజంతా కేన్ హిల్ దిగటంతోనే సరిపోయింది. రెండు మైళ్లలో 29 లాకులు, 237 అడుగుల పల్లం! అంటే సుమారు ఇరవై అంతస్తుల మేడ మెట్లు పడవతో దిగామన్నమాట. నడుమ 16 లాకులు కొండవాలున ఒకదాని కింద ఒకటిగా, తిన్నగా వున్నవి. పైన నిలబడి చూస్తే తెల్లటి తలుపుల కొసలు కిందికంటా వరసలుగా కనిపిస్తాయి. లాకుల మధ్య నీరు నిలవటానికి చోటు లేదు గనక ఒక్కొక్క లాకుకూ పక్కన ఒక చెరువు తవ్వారు. అక్కడ లాకు కాపలాదార్లు ప్రతిచోటా వుండరు. తూములెత్తే ఇనప చేతిపిడి పడవవాళ్లే తెచ్చుకుని, తలుపులు వాళ్లే నెట్టుకోవాలి. నేను కూడా నెట్టాను. తలుపుకు వున్న పొడుగాటి దూలానికి వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి నెడితే, అంత బరువు తలుపూ చిన్నపిల్ల మాట విన్నట్టు కదులుతుంది. తులాదండం పాఠం చెప్పిన ముప్ఫయి ఏళ్లలో అంత మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తరవాతి ప్రయాణం హాయిగా సాగింది. కాలువ మీద గంటకు నాలుగు మైళ్లకు మించి పోరాదు. నడిచేవాళ్లు మమ్మల్ని దాటిపోయేవాళ్లు. బ్రాడ్‌ఫర్డ్ దాటిన తరవాత బాత్ నగరం దాకా తొమ్మిది మైళ్లు ఒక్క లాకూ లేదు. దారిలో కాలువ రెండుసార్లు ఏవన్ నది మీదుగా రాతి వంతెనలెక్కి దాటుతుంది. కింద నది, పైన కాలువ, కాలువలో పడవ, పడవలో మేము! మన కోనసీమలో పి. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువను దాటించిన అక్విడక్టు చూసినవాళ్లకు ఇది వింతగా తోచదు. రెండోది డండాస్ అక్విడక్టు. దాన్ని దాటి కొంతదూరం పోతే క్లావర్టన్ అనే చోట నీటిచక్రపు పంపు వున్నది. నది తన బలంతో తానే చక్రం తిప్పి, తన నీళ్లను తానే 48 అడుగుల ఎత్తున్న కాలువలోకి ఎక్కించేటట్టు 1813లో కట్టారు. ఇప్పుడు రోజువారీ పని విద్యుత్ పంపులదే.

నాలుగో రాత్రి బాత్ నగరం అంచున పడవ కట్టాము. రోమనులు కట్టిన వేడినీటి స్నానశాలలకు ఆ వూరు ప్రసిద్ధి. దాన్ని గురించి చెప్పాలంటే ఇంకొక వ్యాసం కావాలి. మా ధ్యాసంతా మరునాటి మీద వున్నది. అక్కడినుంచి ఆరు లాకులు దిగితే కాలువ అయిపోయి నది వస్తుంది. కాలువ కట్టేసిన ఆవు లాంటిది, నది అలా కాదు. దానికి ప్రవాహం వున్నది. అక్కడక్కడ అడ్డుకట్టల మీదుగా నీరు పొర్లి దూకుతుంటుంది. అక్కడ ఇంజను ఆగితే పడవ నీటి ఇష్టం వచ్చిన చోటికి పోతుంది.

తెల్లవారుజామున మనుమరాలు నన్ను లేపింది. "తాతయ్యా, దీపం ఎర్రగా వుంది!" దీపం మినుకుమినుకుమంటున్నది. కుళాయి తిప్పితే పంపు ఒక మూలుగు మూలిగి వూరుకున్నది. ఫ్రిజ్ ఆగిపోయింది. మా మేనల్లుడు లేచివచ్చి మీటరు చూశాడు. ఇంటి బాటరీలు 11.7 వోల్టులు. సీసపు బాటరీ నిండుగా, విశ్రాంతిగా వున్నప్పుడు సుమారు 12.7 వుంటుంది, సగమైతే 12.2, 11.7 అంటే గాదె అడుగు కనిపిస్తున్నదన్నమాట. ఇంజను బాటరీ చూస్తే నిక్షేపంగా 12.7 వున్నది! తాళం తిప్పగానే ఇంజను ఠంచనుగా బయలుదేరింది.

"ఇంకేం, ఇంజను బాగానే వుంది. పోతూ పోతూ నింపుకోవచ్చు. పదండి!" అన్నాడు మా మేనల్లుడు.

అతని భార్య ఒప్పుకోలేదు. "ఏమండీ, పడవలోకి నీరు చేరితే తోడే పంపు ఈ బాటరీల మీదనే గదా పనిచేసేది? నది మీద అది లేకుండా ఎట్లా? అయినా నాలుగు రోజులూ ఇంజను నడిచింది. అయిపోవటానికి కారణం తెలియకుండా పిల్లతో నదిలోకి నేను రాను. బాబాయిగారూ, మీరైనా చెప్పండి," అన్నది.

చెప్పటానికేమున్నది? ఆ అమ్మాయి మాటే సబబు. ముందు లెక్క వేద్దామన్నాను. మనుమరాలు కాగితమూ, పెన్సిలూ తెచ్చింది.

ఒక రోజు ఖర్చు ఇది: ఫ్రిజ్ తిరిగేటప్పుడు 4 ఆంపియర్లు తీసుకుంటుంది, రోజులో సగంసేపు తిరుగుతుంది, కనక 48 ఆంపియరు-గంటలు. దీపాలన్నీ కలిసి 2 ఆంపియర్లు, అయిదు గంటలు, కనక 10. నీటి పంపు 6 ఆంపియర్లు, అరగంట, కనక 3. ఫోనులకూ, కంప్యూటరుకూ 14. మొత్తం 75. గాదె ఎంత? 110 ఆంపియరు-గంటల బాటరీలు నాలుగు, 440. కాని సీసపు బాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. వాడుకోదగ్గది 220. ఆ లెక్కన నిండు గాదెతో దాదాపు మూడు రోజులు గడవాలి. మేము పడవ కట్టింది సాయంత్రం నాలుగింటికి; తెల్లవారేసరికి 50 మించి ఖర్చయి వుండదు.

"అయితే నిన్న సాయంత్రానికే గాదె నిండలేదు, తాతయ్యా," అన్నది మనుమరాలు.

సరిగ్గా అదే! ఖర్చు ఎక్కువ కాలేదు, రాబడి రాలేదు. రోజూ నాలుగైదు గంటలు ఇంజను తిరిగినా కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోతున్నది.

మా మేనల్లుడు ఇంజను తిరుగుతుండగానే మీటరు పట్టాడు. ఆల్టర్నేటరు దగ్గర 14.3 వోల్టులు. ఇంజను బాటరీ దగ్గర 14.2. ఇంటి బాటరీల దగ్గర 13.1! దారిలో 1.2 వోల్టులు మాయమయినవి. కాలువ తల దగ్గర నీరు పుష్కలంగా వుంటుంది, శివారు పొలానికి మాత్రం అందదు. ఎందుకని? దారిలో బోదె ఎక్కడో పూడి వుంటుంది. తీగలోనూ అంతే. ఎంత కరెంటు పోతుంటే, దారి ఎంత ఇరుకైతే, అంత వోల్టేజి దారిలోనే ఖర్చవుతుంది. ఇళ్లలోని 230 వోల్టుల తీగల్లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల పడవలో ఒక వోల్టు పోతే కాపరం ఆగిపోతుంది. పడవ తీగలు బొటనవేలంత లావుగా వుండేది ఇందుకే.

పూడిక ఎక్కడున్నదో తెలుసుకోవటానికి మంచి ఉపాయం వున్నది. మీటరు రెండు ముళ్లనూ ఒకే తీగ రెండు కొసలకు ఆనించాలి.

"ఒకే తీగ అయితే సున్నా రావాలి గదా నాన్నా?" అన్నది మనుమరాలు.

"రావాలి. రాకపోతే ఆ వచ్చినంత మేర దొంగతనం అక్కడ జరుగుతోంది," అన్నాడు తండ్రి.

ఆల్టర్నేటరు నుంచి రిలే దాకా 0.1. రిలేలో 0.1. రిలే నుంచి ఫ్యూజు దాకా 0.1. తిరుగు తీగలో 0.2. ఫ్యూజు పెట్టెకూ బాటరీకీ మధ్య, జానెడు దూరంలో, 0.7! దొంగ దొరికాడు. అక్కడ తీగ కొసకు బిగించిన రాగి కన్ను పచ్చటి చిలుము పట్టి వున్నది. ఫ్యూజు పెట్టె ఒక పక్క గోధుమరంగుకు తిరిగి వున్నది. అంతకుముందెవరో చేసిన పని అది. కన్నును గట్టిగా నొక్కకుండా వదిలేశారు.

ఆ సమయంలో 40 ఆంపియర్లు పోతున్నవి. 40ని 0.7తో గుణిస్తే 28 వాట్లు. రేడియో బాగుచేసేవాడి దగ్గర టంకం పెట్టే కడ్డీ చూశారా? చిన్న కడ్డీకి 25 వాట్లు చాలు సీసాన్ని కరిగించటానికి! అంత వేడి ఆ ఇరుకు మూల, చెక్క పలకల పక్కన, నాలుగు రోజులుగా పుడుతూ వచ్చింది. ఫ్యూజు ఎందుకు కాలిపోలేదని అడుగుతారేమో! ఫ్యూజు అతిగా కరెంటు పోతే తెగిపోయి తీగను కాపాడుతుంది. ఇక్కడ పోయింది మామూలు కరెంటే. వదులు కీలును ఫ్యూజు పసికట్టలేదు. ముట్టుకుని చూసే చెయ్యే పసికట్టాలి. లెక్క విని మా మేనల్లుడు ఇంజను ఆపేశాడు. నదిలోకి పోదామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

తరవాత అతను పని చేసిన వరస నాకు నచ్చింది. చేతి గడియారమూ, పెళ్లి వుంగరమూ తీసి భార్య చేతికిచ్చాడు. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు. కాని బాటరీ రెండు మొనల మధ్య వుంగరమో, రెంచీయో అడ్డం పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. నింపేటప్పుడు బాటరీల్లోంచి ఉదజని వాయువు వస్తుంది, దానికి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకని కిటికీలన్నీ తెరిచి, కాసేపు ఆగాడు. ముందు రుణ తీగ ఊడదీశాడు. ఇనప పడవంతా రుణ తీగకే కలిసి వుంటుంది గనక, అది తీసేస్తే రెంచీ గోడకు తగిలినా భయం లేదు. బిగించేటప్పుడు అదే చివర. వూళ్లో పడవ సామాన్ల దుకాణం నుంచి లావుపాటి కొత్త తీగముక్క, కొత్త కన్నులు, కొత్త ఫ్యూజు పెట్టె తెచ్చి, కన్నులను మరతో గట్టిగా నొక్కించి, మెరిసేదాకా తోమి, బిగించాడు. మళ్లీ ఇంజను వేసి చూస్తే ఆ జానెడు దూరంలో పోయేది 0.05 వోల్టే! శివారు పొలానికి నీరు వచ్చింది.

అప్పటికి మధ్యాహ్నం రెండయింది. బాటరీ నిండటమంటే గోతాంలో ధాన్యం పోసినట్టే. మొదట చేటలకు చేటలు పోయవచ్చు. పైకి వచ్చేకొద్దీ గోతాం కుదిపి, దోసిలితో, చివరకు గుప్పెడు గుప్పెడు పోయాలి. పావువంతు నుంచి ముప్పావు దాకా తొందరగా ఎక్కే బాటరీ, చివరి అయిదోవంతుకు గంటల తరబడి సమయం తీసుకుంటుంది. అక్కడి కాలువల మీద రాత్రి ఎనిమిది మొదలు పొద్దున్న ఎనిమిది దాకా, పక్క పడవలవారి నిద్ర చెడకుండా, కట్టివున్న పడవలు ఇంజను వేయరాదని నియమం వున్నది. మంచి నియమం. కనక మాకు ఆరు గంటలు దొరికినవి.

"పైన సూర్యుడి పలకలున్నవి గదా, అవి నింపవా?" అన్నాను. నింపుతాయి, వేసవిలో. రాజమండ్రిలో డిసెంబరు నెలాఖరున కూడా మధ్యాహ్నం సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తున వుంటాడు. బాత్ నగరంలో ఆ రోజుల్లో 15 డిగ్రీలు మించి లేవడు. చెట్ల వెనకనుంచి తొంగిచూసి వెళ్లిపోతాడు! ఇప్పుడు కొందరు సీసం మానేసి లిథియం బాటరీలు పెట్టుకుంటున్నారు. అవి సగానికి మించి వాడినా చెడవు, చివరిదాకా చురుగ్గా నిండుతాయి. అయితే గడ్డకట్టే చలిలో వాటిని నింపకూడదు. పైగా అవి ఆకలిమీదున్న భీముడిలా ఆల్టర్నేటరును లాగి వేడెక్కిస్తాయి. మధ్యలో అదుపు చేసే సాధనం వుండి తీరాలి. మా మేనల్లుడు ఈ సీసపువి పాడయ్యాకనే వాటి సంగతి చూస్తానన్నాడు. ఖాళీగా వదిలేసిన సీసపు బాటరీలో పలకల మీద ఏర్పడే పదార్థం గట్టిపడి రాయిలా తయారవుతుంది, మళ్లీ కరగదు. ఇవి అంతదాకా పోయినవో లేదో తెల్లవారితే గాని తెలియదు.

ఆ రాత్రి ఫ్రిజ్ ఒక్కటే నడిచింది. కొవ్వొత్తి వెలుతురులో అన్నం తిన్నాము. పొద్దున్నే మనుమరాలు అందరికంటె ముందు లేచి మీటరు చూసి 12.4 అని అరిచింది. నిండుగా కాదు, కాని బతికి వున్నవి.

లాకు పక్కన నది మట్టం చూపే పలక పచ్చరంగులో వుంటేనే బయలుదేరాలని అతని భార్య ముందే షరతు పెట్టింది. పచ్చగానే వున్నది. ఆరు లాకులూ దిగాము. వాటిలో ఒకటి 19 అడుగుల పైచిలుకు లోతు. అడుగుకు చేరాక తలెత్తితే ఆకాశం చిన్న పట్టీలా కనిపించింది. చివరి తలుపులు తెరుచుకోగానే నది పడవ ముక్కును పట్టుకుని పక్కకు నెట్టింది. మా మేనల్లుడు చుక్కాని తిప్పి, ఇంజను జోరు పెంచి, తిన్నగా చేశాడు. అతని భార్య ముందు కొసన లంగరు దగ్గర నిలబడ్డది. మనుమరాలు పావుగంటకొకసారి ఫ్యూజు పెట్టె మీద వేళ్లు ఆనించి చూసి, "చల్లగానే వుంది!" అని కేక వేస్తూ వచ్చింది.

సాయంత్రానికి నది మీద రెండు మూడు లాకులు దాటి ఒడ్డున కట్టాము. మరునాడు తెల్లవారేసరికి ఇంటి బాటరీలు 12.6 వున్నవి. ఆ అమ్మాయి ఫ్రిజ్ తెరిచి దోసెల పిండి బయటికి తీసింది.